నాలుగో నంబరు పంచ్

ఆళ్లగడ్డ చుట్టుపక్కల బోరు మోటారు కాలిపోయిన రైతు మొదట కరెంటు ఆఫీసును తిడతాడు. ఆ తర్వాత మోటారును ఆటోలో వేసుకుని చాగలమర్రి రోడ్డు పక్కనున్న అమీర్ బాషా షాపుకు వచ్చి తాను తిట్లు తింటాడు. బోరులో నీళ్లు అడుగంటినా మోటారు ఆపనందుకు ఒక తిట్టు, ఫ్యూజుకు చేతికందిన తీగ చుట్టినందుకు ఇంకో తిట్టు. తిట్టడం అయ్యాకే అతను మోటారు విప్పుతాడు. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. ముక్కు మీద కోపం ఉన్న మనిషని ఊరందరికీ తెలుసు, అతను కట్టిన మోటారు అంత తొందరగా వెనక్కి రాదని కూడా తెలుసు.

ఈ మధ్య అతను రైతులను తిట్టడం మానేశాడు. చల్లబడ్డాడనుకుంటే పొరపాటు. ఆ కోపానికి అసలైన చిరునామా దొరికింది, అది నంద్యాలలో ఉంది.

అమీర్ బాషా ఏడో తరగతిలోనే బడి మానేసి నంద్యాలలో ఫ్రాన్సిస్ మేస్త్రీ దగ్గర మోటార్లకు కొత్త తీగ చుట్టి కట్టే వైండింగ్ పనికి చేరాడు. మేస్త్రీ దగ్గర పుస్తకాలు లేవు, సర్టిఫికెట్లు అసలే లేవు. ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌లు మాత్రం ఒక చెక్కపెట్టెలో ఉండేవి. ఒకటో నంబరు మేస్త్రీది. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లకు వరసగా రెండు, మూడు, నాలుగు. పని వచ్చిందని ఆయనకు నమ్మకం కుదిరిన రోజున పంచ్ చేతికిచ్చి, నువ్వు కట్టిన మోటారు మూత అంచు మీద నీ అంకె నువ్వే కొట్టుకోమనేవాడు. ఎన్నేళ్లకైనా ఆ మోటారు కాలి పైకి వస్తే, అంచు తుడిచి చూడగానే అది ఎవరి చేతి పనో తెలిసిపోతుంది. అమీర్ బాషా చేతికి నాలుగో నంబరు రావడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లలో అతను మరిచిపోలేనిది ఒకటి జరిగింది. రెండో నంబరు అన్వర్‌ది. మంచి పనిమంతుడు. బంధువుల పెళ్లికి పోయి వచ్చి, తాను లేనప్పుడు వేరేవాళ్లు కట్టిన మోటారు మీద తన అంకె కొట్టేశాడు. ఆ మోటారు బాగానే తిరుగుతోంది, ఎవరికీ నష్టం లేదు. అయినా మేస్త్రీ అన్వర్ చేతిలోంచి పంచ్ తీసుకుని, ఆకురాయితో దాని మొన మీది అంకెను అందరి ముందూ అరగదీశాడు. చేయని పని మీద కొట్టినవాడికి చేసిన పని మీద కొట్టే హక్కు లేదన్నాడు. అన్వర్ ఆ తర్వాత కూడా ఆ షాపులోనే పని చేశాడు గానీ, అతని మోటార్లు అంకె లేకుండానే పోయేవి. మేస్త్రీ చనిపోయాక కూడా ఆ శిష్యులు ఎక్కడెక్కడ షాపులు పెట్టుకున్నా ఆ వరసను తప్పలేదు.

ఇక కాలేజీ సంగతి. నంద్యాల ఊరి బయట ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ ఉంది. దాని హాస్టలు బోరు మోటార్లు ఎప్పుడు కాలినా అమీర్ బాషా దగ్గరకే వస్తాయి. నిరుడు జూలైలో ఆ కాలేజీ నుంచి జయప్రకాష్ అనే లెక్చరర్ ఇస్త్రీ చొక్కా నలక్కుండా షాపు ముందు కారు దిగాడు. ఇంటర్న్‌షిప్ వ్యవహారాలన్నీ ఆయనే చూస్తాడు. డిప్లొమా చివరి ఏడాది పిల్లలు ఆర్నెల్లు ఏదో ఒక సంస్థలో పని నేర్చుకోవాలని, అది లేకపోతే డిప్లొమా చేతికి రాదని, ఆళ్లగడ్డ వైపు పిల్లలు నలుగురు ఉన్నారని, వాళ్లను ఇక్కడ పెట్టుకోమని అడిగాడు. ఆ మాట విని అమీర్ బాషా పొంగిపోయాడు. ఏడో తరగతితో బడి ఎగ్గొట్టినవాడి షాపు ఒక కాలేజీకి పాఠశాల అయింది మరి. నంద్యాలకు పోయి షాపు పేరుతో రబ్బరు స్టాంపు చేయించుకొచ్చాడు. నాలుగు స్టూళ్లు చేయించాడు. అతని భార్య జాన్‌బీ ఖాకీ గుడ్డ కొని, నాలుగు ఏప్రాన్లు కుట్టి, ఇస్త్రీ చేసి మడతపెట్టింది. కాగితం మీద నలుగురని రాసి ఉంటే నలుగురు వస్తారని నమ్మిన మనుషులు వాళ్లు. తప్పెవరిదని అడిగితే, ఇదీ ఒక తప్పే.

ఆగస్టు మొదటి సోమవారం నలుగురూ వచ్చారు. అభిషేక్, అజయ్ కుమార్, షోయబ్, జెస్సీ. ఏప్రాన్లు తొడుక్కుని, విప్పి ఉన్న మోటారు చుట్టూ నిలబడి, తలా ఒక పానా పట్టుకుని ఫొటోలు దిగారు. పానా ఎలా పట్టుకోవాలో చెప్పేలోపే ఫొటో అయిపోయింది. మధ్యాహ్నం మగపిల్లలు ముగ్గురూ అన్నానికని వెళ్లారు. ఆ అన్నం ఆర్నెల్లు పట్టింది. ఒక వారం చూసి అమీర్ బాషా జయప్రకాష్‌కు ఫోన్ చేస్తే, వాళ్లు ప్రాజెక్టు రిపోర్టు పనిలో ఉన్నారులే అని జవాబు వచ్చింది. పని చేయకుండా పని మీద రిపోర్టు ఎలా రాస్తారో అతనికి అర్థం కాలేదు. మూడు ఏప్రాన్లు ఒక్క నూనె మరకా పడకుండా గోడ మేకులకు వేలాడుతూ ఉండిపోయాయి.

జెస్సీ మాత్రం వచ్చింది. తల్లి లూదియా అంగన్‌వాడీలో ఆయా. రెండేళ్లు కాలేజీ హాస్టల్లో ఉండి చదివిన పిల్ల. మొదటి నెల అమీర్ బాషా ఆమె చేత కాలిన తీగలు పీకించడం, అవి కూర్చునే గాడులు గీకించడం తప్ప ఇంకేమీ చేయించలేదు. సార్ అని పిలిస్తే, సార్లు నంద్యాలలో ఉంటారు, ఈడ లేరు అని కసిరాడు. అప్పటినుంచి మామా అని పిలిచింది.

బోరు మోటారు చుట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఇనుప గొట్టంలో ఇరవై నాలుగు గాడులుంటాయి. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని తీగను ఒక గాడిలోంచి దూర్చి, ఇంకో గాడిలోంచి వెనక్కి లాగుతూ, ప్రతి చుట్టునూ ఇద్దరూ పైకి లెక్కపెట్టాలి. ఒకరు లెక్క తప్పితే ఇద్దరి పనీ వృథా. అందుకే ఆ పనిలో ఎదురుగా కూర్చున్న మనిషి ఎలాంటివాడో నాలుగు రోజుల్లోనే తెలిసిపోతుంది. రెండో నెలలో జెస్సీ లెక్క తప్పి, తప్పిన సంగతి దాచకుండా చెప్పింది. అతను ఊరు వినేలా తిట్టాడు. ఆమె ఏడుస్తూనే తీగంతా పీకి మళ్లీ మొదలుపెట్టింది. ఆడపిల్ల కట్టిన మోటారు మాకొద్దని ఒక రైతు అంటే, ఆ రైతుకు ఆమె తిన్నదానికి రెండింతలు పడ్డాయి.

జనవరి నాటికి ఆమె ఒక మోటారును మొదటినుంచి చివరిదాకా తానే నడిపించింది, అతను ఎదురుగా కూర్చుని తీగ మాత్రం అందించాడు. మోటారును నీళ్ల డ్రమ్ములో ముంచి పరీక్ష చేస్తే ఎక్కడా కరెంటు లీకు లేదు. అహోబిలం రోడ్డులో ఒక తోట బోరులో అది దిగి, నీళ్లు పోసిందని ఫోన్ వచ్చాక, అమీర్ బాషా మేస్త్రీ శిష్యులందరికీ ఫోన్ చేసి ఎన్నో నంబరు ఖాళీగా ఉందో కనుక్కున్నాడు. ఎనిమిది. ఆ నంబరు పంచ్ కొనుక్కొచ్చి ఆమె చేతిలో పెట్టి, ముప్పై ఏళ్ల షాపులో తాను ఇంకొకరికి నంబరు ఇవ్వడం ఇదే మొదలని చెప్పాడు. ఆమె దాన్ని కొంగులో కట్టుకుని ఇంటికి తీసుకుపోయి తల్లికి చూపించి, పొద్దున్నే మళ్లీ తెచ్చింది.

ఇంతవరకూ కథ బాగుంది. ఫిబ్రవరిలో ఫారం వచ్చింది.

జయప్రకాష్ తెచ్చిన ఆ ఫారంలో నలుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి అచ్చువేసి ఉన్నాయి. ఈ నలుగురూ మా సంస్థలో ఆర్నెల్లపాటు క్రమం తప్పకుండా హాజరై, మోటారు వైండింగులో పూర్తి నైపుణ్యం సంపాదించారని ధ్రువీకరిస్తున్నాము. కింద సంతకానికి ఒక గీత, స్టాంపుకు ఒక డబ్బా. అమీర్ బాషా దాన్ని జెస్సీ చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత జెస్సీ ఒక్కదానికి ఫారం ఇస్తే సంతకం పెడతానన్నాడు.

అలా కుదరదన్నాడు జయప్రకాష్. గ్రూపు అంటే గ్రూపే, ఒక గ్రూపుకు ఒకటే రిపోర్టు, ఒకటే ఫారం. పెడితే నలుగురికీ, లేకపోతే ఎవరికీ లేదు. సంస్థ సహకరించలేదని రాసి గ్రూపు మొత్తాన్నీ రద్దు చేస్తే, వచ్చే ఏడు మళ్లీ ఆర్నెల్లు చేసుకోవాల్సిందే. ఆయన ఇదంతా గట్టిగా కూడా చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

"నేనెట్ల పెడతా సార్ సంతకం? ఆ ముగ్గురి మొగాలు నాకు ఫొటోలో చూస్తే గానీ గుర్తుకు రావు."

"అందరూ పెడతాండారు బాషా. నీకేం పోతుంది? కాగితమే గదా."

అమీర్ బాషాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితమే అయితే దానికోసం ఇంత దూరం కారేసుకుని ఎందుకొచ్చినట్టు? ఆర్నెల్లు ఈ పిల్ల నూనెలో, మసిలో చేతులు పెట్టి నేర్చుకున్నది, ఆ ముగ్గురు ఇంట్లో కూర్చుని నేర్చుకోనిది, రెండూ ఒకే గీత కింద ఒకటైపోతాయా? ఎవరికి ఒళ్లు మండదు? ఫారం స్టూలు మీద పడేసి, పెట్టేది లేదు పొమ్మన్నాడు. శుక్రవారం దాకా టైముందని చెప్పి జయప్రకాష్ కారెక్కాడు.

మర్నాడు ఇద్దరూ అటూ ఇటూ కూర్చుని ఒక మోటారు చుడుతున్నారు. ముప్పై ఒకటో చుట్టు దగ్గర జెస్సీ లెక్క ఆపింది. శ్రీశైలం పవర్‌హౌస్‌లో అప్రెంటిస్‌కు దరఖాస్తు చేసుకోవడానికి మే నెలాఖరు దాకే గడువని, దానికి డిప్లొమా కాగితం కావాలని అతనికి తెలుసు. ఆ దరఖాస్తు నమూనా తెచ్చి అతని ముందే చదివింది కూడా. ఇప్పుడు ఆమె తీగ వదల్లేదు, తలెత్తలేదు.

"వాళ్లు నేర్చుకోలేదని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ సారుకీ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధానికి నేనొక్కదాన్నే ఆర్నెల్లు కట్టాలా మామా?"

ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది? అడగాల్సిన గతి పట్టించినవాళ్లది తప్పు. తప్పు చేసినవాడు కారులో పోతాడు, ఆ బరువు మాత్రం ఒక ఆయా కూతురి నెత్తిన, ఏడో తరగతి మెకానిక్ నెత్తిన పడుతుంది. ముప్పై రెండు, అన్నాడు అమీర్ బాషా తీగ లాగుతూ. ముప్పై రెండు, అంది ఆమె. ఆ మోటారు పూర్తయ్యేదాకా అంకెలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి అమీర్ బాషా చేతులు సబ్బుతో రుద్ది కడుక్కున్నాడు. సంతకం పెట్టాడు. స్టాంపు వేశాడు. జయప్రకాష్ ఫారం మడిచి జేబులో పెట్టుకుంటూ, ఇంత చిన్నపనికి ఎంత రాద్ధాంతం చేసినావు బాషా అని భుజం తట్టి పోయాడు. ఆ భుజం మీద చెయ్యి పడినచోట బల్లి పాకినట్టు అనిపించిందని అతను తర్వాత జాన్‌బీతో అన్నాడు.

కారు మలుపు తిరిగాక అతను పెట్టె తెరిచి తన నాలుగో నంబరు పంచ్ తీశాడు. దాన్ని బల్ల మీది వైసు దవడల్లో బిగించి ఆకురాయి అందుకున్నాడు. అన్నానికి పిలవడానికి వచ్చిన జాన్‌బీ గుమ్మంలో నిలబడి చూసింది. వద్దని చెయ్యి పట్టుకోబోతే, ఈ పని నాది, నన్ను చేసుకోనీ అన్నాడు. ఉక్కు గట్టిది, తొందరగా అరగలేదు. చెమటలు కారుతుండగా అంకె పోయేదాకా రుద్దాడు. వైసులోంచి విప్పితే వేలెడంత నున్నటి ఇనుప ముక్క మిగిలింది.

మరుసటి రోజు పూర్తయిన మోటారు మీద అతను అంకె కొట్టకుండానే పంపించడం చూసి జెస్సీ అడిగింది. అతను ఆ ముక్క చూపించాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. నా కోసం చేసినావా మామా అంటే, నీ కోసం సంతకం పెట్టినా, ఇది నా కోసం చేసుకున్యా అన్నాడు. పోయి వైవాకు చదువుకోమని కసిరాడు.

వైవా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కోపం సగమే అర్థమవుతుంది. మార్చిలో నంద్యాలలో నలుగురినీ ఒకే బల్ల ముందు నిలబెట్టారు. మగపిల్లలు తయారుచేసిన గ్రూపు రిపోర్టు రంగుల అట్టతో, స్పైరల్ బైండింగుతో, ఎక్కడినుంచో దించిన ఇంగ్లీషుతో మెరిసిపోయింది. మొదటి పేజీలో పానాలు పట్టుకుని దిగిన ఆ ఫొటో ఉంది. జెస్సీ దాంతోపాటు తన రోజువారీ పుస్తకం విడిగా ఇచ్చింది. ఏ మోటారు, ఎన్ని చుట్లు, ఏ రైతు, ఎక్కడ తప్పు పోయింది, అన్నీ తెలుగులో, చేతి రాతతో. పేజీల మీద నూనె మరకలున్నాయని, శుభ్రత లేదని మార్కులు కోశారు. ఆ ముగ్గురికీ తొంభైకి పైన వచ్చాయి. జెస్సీకి డెబ్బై ఒకటి. నూనె మరకలు లేకుండా మోటారు విప్పే విద్య ఏదో ఆ కాలేజీలో ఉంటే ఉండొచ్చు, ఆళ్లగడ్డలో మాత్రం లేదు.

అయినా పాసైంది. అమీర్ బాషా ఆ మార్కులు విని, చేతిలో ఉన్న సుత్తిని గోడకేసి కొట్టాడు. ఆ గుంత ఇప్పటికీ ఉంది.

ఏప్రిల్ ఎండల్లో కాలేజీ అమ్మాయిల హాస్టలు మోటారు కాలిపోయింది. జయప్రకాష్ దాన్ని టెంపోలో వేయించుకుని స్వయంగా వచ్చాడు. మూడొందల మంది ఆడపిల్లలకు చుక్క నీళ్లు లేవు, సాయంత్రానికి కావాలన్నాడు. అమీర్ బాషా మోటారు వైపు చూడనైనా చూడలేదు. నీ దగ్గర నా సంతకంతో పనిమంతులు ముగ్గురున్నారు గదా సార్, వాళ్ల చేత కట్టించుకో అన్నాడు. ముగ్గురిలో ఒకరికైనా ఫోన్ చెయ్యమని అమీర్ బాషా పట్టుబట్టాడు. గోడ మీది మూడు ఏప్రాన్లు చూపించి, ఒక్క మరక కూడా లేదు, కొత్తవే, వచ్చి తొడుక్కోమను అన్నాడు. ఇంకా చాలా అనేవాడే. ఈలోపు జెస్సీ లేచి ఎవరినీ అడక్కుండా మోటారు బోల్టులు విప్పడం మొదలుపెట్టింది.

"ఆ హాస్టల్లో నేను రెండేండ్లు ఉన్యా మామా. నీళ్లు లేకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు. నువ్వు ఈ పక్క కూచో."

అతను పళ్లు నూరుకుంటూనే పోయి ఆ పక్కన కూర్చున్నాడు. ఒకటి నుంచి లెక్క మొదలైంది. జయప్రకాష్ కొత్త స్టూలు మీద కూర్చుని మూడు గంటలసేపు ఆ లెక్క విన్నాడు. ఆయన ఇంటర్న్‌షిప్ వ్యవహారాలు చూడటం మొదలుపెట్టాక ఒక ఇంటర్న్ పని చేయడం కళ్లారా చూడటం బహుశా అదే మొదటిసారి.

నీళ్ల డ్రమ్ములో పరీక్ష అయ్యింది. మోటారు టెంపో ఎక్కించేముందు జయప్రకాష్ మూత అంచు తడిమి చూశాడు. అక్కడ ఎనిమిది ఉంది.

"ఇదేంది బాషా, నీ నాలుగు యాడ?"

"నాలుగు నీ ఫారం మీద ఉంది సార్. ఫిబ్రవరిలో నువ్వే పట్టుకపోయినావు."

"మరి ఈ ఎనిమిది ఎవరిది?"

"ఈ పాపది. మీ లెక్కలో డెబ్బై ఒకటి."

జయప్రకాష్ జెస్సీ వైపు చూసి, బాగా చేసినావమ్మా అన్నాడు. ఆమె తలూపి చేతులు తుడుచుకుంది. అంతటితో పోయినా సరిపోయేది. కానీ ఆయన కారు దగ్గరకు వెళ్లి ఒక కవరు తెచ్చాడు. వచ్చే బ్యాచ్ జాబితా అట. మళ్లీ నలుగురు పిల్లలు, మళ్లీ ఒకటే ఫారం. ఫారం ఇప్పుడే ఇచ్చి పోతా, సంతకం పెట్టి ఉంచితే మళ్లీ మళ్లీ తిరగాల్సిన పని ఉండదన్నాడు. పిల్లలు ఇంకా రాలేదు, ఆర్నెల్లు ఇంకా మొదలు కాలేదు, నైపుణ్యం మాత్రం అచ్చయిపోయి ఉంది.

అమీర్ బాషా అరవలేదు. పెట్టెలోంచి ఆ నున్నటి ఇనుప ముక్క తీసి, కవరు మీద పెట్టి, రెండూ కలిపి జయప్రకాష్ చేతిలో పెట్టాడు.

"ఇంకమీద దీంతో కొట్టుకో సార్. దీని మీద ఏ నంబరూ లేదు. మీ కాలేజీలో ఎవరికైనా సరిపోతుంది."

జయప్రకాష్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమిటో అర్థం కాక, స్టూలు మీద వదిలేసి కారెక్కాడు. కవరు మాత్రం మరిచిపోకుండా తీసుకుపోయాడు. షాపు ముందు ఇంకో మోటారుతో ఒక రైతు ఆటో దిగుతున్నాడు. అమీర్ బాషా అతన్ని ఒక్క మాట అనకుండా మోటారు దించుకున్నాడు. జెస్సీ ఎదురుగా వచ్చి కూర్చుంది.